ఫోటో తీయరాదు, ఫ్లెక్సీ కట్టవచ్చు!

ఫ్లెక్సీలను నిషేధించాలని అరిచేవాళ్లంతా పసిపిల్లల శత్రువులు!

ఈ మాట నేను కోపంలో అనడం లేదు. చల్లటి మజ్జిగ తాగి, తలుపు గడియ పెట్టుకుని, నిదానంగా ఆలోచించి రాస్తున్నాను. పిల్లల భద్రతకు ఫ్లెక్సీని మించిన సాధనం మన జిల్లాల్లో ఇంతవరకు పుట్టలేదు.

నవ్వుతున్నారా? నవ్వండి. కానీ ముందు ఇది చెప్పండి. బచ్చన్నపేటలో అకాల వాన ముంచుకొస్తే పత్తి కుప్ప మీద కప్పేది దేన్ని? ఫ్లెక్సీని. గార్ల వైపు మిర్చి ఎండేది దేని మీద? ఎవరో ఒక అన్న పుట్టినరోజు మీద. మొగుళ్లపల్లిలో ఒక బర్రె ఎండాకాలమంతా ఒక యువనేత చిరునవ్వు కింద పడుకుని నెమరు వేసింది, పాలు ఏమాత్రం తగ్గలేదు. పత్తికీ, మిర్చికీ, బర్రెకూ దక్కిన రక్షణ పిల్లలకు దక్కవద్దా?

ముఖ్యంగా ఈత నేర్చుకునే పిల్లలకు!

ఒక ఊరి ఈత కొలనులో లోతు ఎక్కడ మొదలవుతుందో చెప్పే బోర్డు ఉండేది. దాని మీద ఒక అన్న జన్మదిన ఫ్లెక్సీ కట్టారు. అయితే ఏమైంది? ఇప్పుడు పిల్లలు "అన్న మీసం దాటి పోవద్దురో!" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. అంకెలు చదవడం రాని పిల్లలుంటారు. మీసం చూడడం రానివాళ్లుంటారా?

ఇంకో ఊళ్లో ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గదికి తలుపు విరిగితే, ఆ ఖాళీకి ఒక పాత ఫ్లెక్సీ వేలాడదీశారు. దాని మీద బంగారు రంగులో "అందరికీ హృదయపూర్వక స్వాగతం" అని ఉంది. మర్యాద తెలిసినవాళ్ల పని!

మరో చోట తల్లులు కూర్చునే మెట్ల ముందు కటకటాలకు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఫ్లెక్సీ కట్టేశారు. ఇక తల్లులకు నీళ్లు కనబడవు. నీళ్లు కనబడకపోతే గుండెదడ ఉండదు. గుండెదడ లేకపోవడాన్నే కదండీ భద్రత అంటారు!

ఇంకా నమ్మకం కుదరలేదా? అయితే మానుకోటలో చాంద్‌పాషాకు ఏం జరిగిందో వినండి.

చాంద్‌పాషాకు బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు కొట్టే దుకాణం ఉంది. ఎవరి తల ఎంత పెద్దగా ఉండాలో, ఎవరి పక్కన ఎవరిని నిలబెడితే సాయంత్రానికి రాళ్లు పడతాయో అతనికి కంఠతా వచ్చు. అతని కంప్యూటర్‌లో ఒక తెల్లచొక్కా ఉంది. చేతులు జోడించి ఉంటుంది, తలకాయ ఉండదు. పట్టణంలోని పెద్దమనుషులందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ చొక్కాలో దూరి బయటికి వచ్చినవాళ్లే.

అతని కూతురు సుమయ్యా ఎనిమిదో తరగతి. పట్టణ బాలల ఈత క్లబ్బులో చేప. పోయిన ఎండాకాలం ఆ పిల్ల పతకం గెలిస్తే, క్లబ్బు కమిటీ వారు పతకం పట్టుకుని తోటి పిల్లల నడుమ నిలబడ్డ ఆమె ఫోటోను తమ తమ స్టేటస్‌లలో పెట్టుకుని మురిసిపోయారు. పిల్లను అడిగారా? ఛ! దీపావళికి చిచ్చుబుడ్డిని అడిగి వెలిగిస్తామా?

సాయంత్రానికి ఆ ఫోటోలోని ఆమె ముఖం తరగతిలో మగపిల్లల ఫోన్లలో స్టిక్కర్ అయింది. కింద "లెక్కల పరీక్షల మునిగిన" అని రాశారు. లెక్కల్లో ఆ పిల్లకు మంచి మార్కులే వస్తాయి. అయినా బడి గేటు దగ్గర నుంచి ఇంటి సందు దాకా అదే మాట. సుమయ్యా ఏడవలేదు, అన్నం మాత్రం ముట్టలేదు. మూడో రోజు తండ్రి దగ్గరికి వచ్చి ఒకే మాట చెప్పింది.

"అబ్బా, ఇంకోపారి నా ఫోటో యాడన్న కనబడ్డదనుకో, నేను నీళ్లల్ల దిగ. ఒట్టు."

ఆ పిల్ల ఒట్టు పెట్టిందంటే అంతే. వాళ్లమ్మ ఖైరున్నీసా పోలిక.

ఇది జరిగి ఏడాది దగ్గరపడింది. వచ్చే ఆదివారం జనగామలో మూడు జిల్లాల పిల్లల ఈత పోటీలు. మానుకోట నుంచి సుమయ్యా పేరు ఖాయమైంది. సరిగ్గా అప్పుడు చాంద్‌పాషా దుకాణం ముందు ఒక తెల్ల కారు ఆగింది.

దిగినవాడు క్లబ్బు అధ్యక్షుడు ప్రతాప్.

"పాషా భాయ్! అర్జెంటు. పిల్లల భద్రత. ఇరవై అడుగులది."

"పిల్లల భద్రత ఏందన్నా?"

"పై నుంచి రూల్స్ వచ్చినయి. మన కోచ్ భాగ్య మేడం లేదా, గామె పానం దీస్తున్నది, సార్ అమలు చెయ్యాలె, సార్ అమలు చెయ్యాలె అని. రేపు పొద్దుగాల వరకు చౌరస్తల అమలు చేసి పడేద్దాం."

చాంద్‌పాషా కాగితం అందుకుని చదివాడు. పిల్లలను అడగకుండా వాళ్ల ఫోటోలు తీయరాదు, ఎక్కడా వేయరాదు. బట్టలు మార్చుకునే గదిలోకి ఫోన్ తేరాదు. ఏ పెద్దమనిషీ పిల్లతో గదిలో ఒంటరిగా ఉండరాదు. కోచ్ పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టరాదు. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు ఒక పెద్దమనిషి చూపు నీళ్ల మీదే ఉండాలి. ఎవరికైనా ఇబ్బంది కలిగితే అధ్యక్షుడికి చెప్పుకోవాలి.

"మస్తు మంచిగున్నయన్నా," అన్నాడు మనస్ఫూర్తిగా.

"మంచిగనే ఉంటయి గని, జర చిన్నగ కొట్టు. మా మొఖాలు రావాలె గద."

మొఖాలు రావడం మొదలైంది. అధ్యక్షుడు వచ్చాడు, రూల్స్ కొంచెం కుంచించుకున్నాయి. కార్యదర్శి వచ్చాడు, రూల్స్ పక్కకు జరిగాయి. కోశాధికారి, సహకార్యదర్శి, గౌరవ సలహాదారు, ఆ సలహాదారుగారి బావగారు వరసగా వచ్చి కూర్చున్నారు. చివరికి నియమావళి మొత్తానికి మిగిలిన చోటు ప్రతాప్ ముంజేతి కింద జానెడు. అందులో రెండే రెండు మాటలు పట్టాయి. "ఫోటో తీయరాదు."

"ఇగ నడుమల మన పిల్లల ఫోటో పెట్టు," అన్నాడు ప్రతాప్. "గా పతకం పట్టుకున్నది."

చాంద్‌పాషా చేయి మౌస్ మీద ఆగిపోయింది.

"అన్నా, గండ్ల మా సుమయ్యా ఉన్నది."

"ఉన్నది గదా! సంబురపడు. ఊరంత జూస్తది."

"ఊరంత జూడొద్దనే గదన్నా రూలు. ఫోటో వద్దని మనమే రాస్తున్నం, గా రాత పక్కకే ఫోటో పెడుతున్నం."

"తీయొద్దని గద రాసినం? మనమేమన్న తీస్తున్నమా ఇప్పుడు? గది పోయినేడు తీసింది." ప్రతాప్ జాలిగా చూశాడు. "పిల్లలు కనబడకుంటె పిల్లల భద్రత అని జనానికి ఎట్ల తెలుస్తది? నువ్వే చెప్పు."

"పిల్లనన్న ఒక్కమాట అడుగుదామన్నా."

"పిల్లనడిగేదేంది భాయ్! పిల్లలకేం తెలుస్తది?"

చూశారా పాఠకులారా, ఎంత పెద్ద మాట! పిల్లలకు ఏమీ తెలియదు కాబట్టే కదా వాళ్ల కోసం కమిటీలు వేసేది? పిల్లలకే అన్నీ తెలిస్తే కమిటీలు ఎక్కడికి పోవాలి?

ప్రతాప్ కారెక్కుతూ ఆఖరి ఆజ్ఞ జారీ చేశాడు. "జాగ తక్కువైతె నీ తెలివి వాడు. ఈత కొట్టేటోళ్లు కనబడాలె, మా అందరి మొఖాలు కనబడాలె. గంతే!"

కారు అలా వెళ్లింది, బడి నుంచి సుమయ్యా ఇలా వచ్చింది. కంప్యూటర్ తెర మీద తన ఫోటో చూసింది. అరవలేదు. భుజం మీది ఈత సంచీ తీసి దుకాణం గోడకున్న మేకుకు తగిలించింది.

"జనగామకు నన్ను లెక్క పెట్టొద్దని మేడంకు చెప్పు అబ్బా."

అంతే. లోపలికి వెళ్లి సైన్సు పుస్తకం తెరిచింది.

దుకాణానికి టీ పట్టుకొచ్చిన ఖైరున్నీసా తెరను చూసింది, మేకుకు వేలాడే సంచీని చూసింది, గ్లాసు టక్కున బల్ల మీద పెట్టింది. "ఊరోళ్ల మొఖాలన్ని సున్నం ఏసినట్టు తెల్లగ జేస్తవు గద. మన పిల్ల మొఖం ఒక్కటి దాసుడు రాదా నీకు?"

చాంద్‌పాషా లెక్కలు వేసుకున్నాడు. ఫ్లెక్సీ కొట్టనంటే? ఎదురు దుకాణంవాడు నాకిది పండగ అని అదే ఫోటోతో గంటలో కొట్టిస్తాడు. కొడితే? ఇంట్లో ఒక చేప ఒడ్డున పడుతుంది. పిల్లల ముఖాలకు మసక వేస్తే? ఆ ప్రయత్నమూ చేసి ప్రతాప్‌కు ఫోన్ చేశాడు. "దొంగల లెక్క కనబడరా భాయ్! సంబురంగ నవ్వాలె పిల్లలు!" అని కసురు వచ్చింది.

టీ చల్లారిపోయింది. చాంద్‌పాషా ఆ ఆఖరి ఆజ్ఞను మళ్లీ మననం చేసుకున్నాడు. ఈత కొట్టేటోళ్లు కనబడాలె. మా అందరి మొఖాలు కనబడాలె.

ఆ రెండూ ఒకేచోట కనబడితే?

మౌస్ కదిలింది. పిల్లల ఫోటో మాయమైంది. కంప్యూటర్‌లో ఆ తెల్లచొక్కా పక్కనే, ఎప్పుడో దేనికో దింపి పెట్టుకున్న విదేశీ ఈతగాళ్ల బొమ్మ ఒకటి ఉంది. వరసగా నిలబడ్డ భారీ మగవాళ్లు. రబ్బరు టోపీలు, నీళ్లు కారే ఛాతీలు, గుప్పెడంత చెడ్డీలు. వాటి పైన మరో నూలుపోగు లేదు.

ఒక్కో తలనూ ఒక్కో మెడ మీద శ్రద్ధగా అతికించాడు. వృత్తిధర్మం తప్పలేదు. అతుకు కనబడకుండా మెడలకు నీడ కూడా వేశాడు. సలహాదారుగారి బావగారికి జీవితంలో తొలిసారి పలకలు తేలిన పొట్ట వచ్చింది. నడుమ, చేతులు కట్టుకుని, తొడలు బిగించి ప్రతాప్.

మోసం చేశాడంటారా? అంత మాట అనకండి! నమూనాను కమిటీ గ్రూపులో పెట్టాడు. "చూసి ఓకే చెప్పండి" అని రాశాడు. రాసి, గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాడు. ఒక్కరు చూసినా చాలు, కథ ముగిసిపోతుంది.

ఇక్కడ మన ప్రాంతపు సదాచారం ఒకటి తెలియాలి. ఫ్లెక్సీ నమూనా వస్తే మనవాళ్లు దాన్ని చూడరు. రెండు వేళ్లతో తెరను సాగదీసి, సాగదీసి, సొంత ముఖం దాకా వెళ్లి ఆగుతారు. అక్కడే కాసేపు బస చేస్తారు. ఆ ముఖానికి అవతల లోకం ఉందన్న సంగతి వాళ్లకు అక్కర్లేదు.

కార్యదర్శి నుంచి జవాబు వచ్చింది. "నా మీసం ఎడమ దిక్కు పల్సగైంది." కోశాధికారి: "నా పేరు ముంగట డైనమిక్ అని కొట్టు." బావగారు: "సూపర్." ప్రతాప్: "నా తల సెక్రటరీ తలకన్న జర పెద్దగుండాలె. మిగతాదంత ఓకే."

మిగతాదంత ఓకే!

భాగ్య మేడం ఒక్కతే రాసింది. "సార్, దయచేసి మొత్తం ఒక్కసారి చూడండి." దానికి అధ్యక్షుడు బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

తెల్లవారి చౌరస్తాలో భద్రత అమలైంది.

ముందు ఒక ఆటో ఆగింది. వెనక ఇంకో ఆటో. తర్వాత డోర్నకల్ వైపు పోయే బస్సు ఆగింది. అది చౌరస్తాలో ఆగే బస్సు కాదు. "పిల్లల భద్రతే మా ఊపిరి" అన్న ఎర్రక్షరాల కింద మానుకోట పెద్దమనుషులు వరసగా తడిసి నిలబడి ఉన్నారు. "ఫోటో తీయరాదు" అని రాసి ఉంది కాబట్టి, జనమంతా దగ్గరికి వెళ్లి అదేమిటో చదివి, వెనక్కి వచ్చి ఫోటో తీసుకున్నారు.

కూరగాయలకు బయల్దేరిన ప్రతాప్ తల్లి సత్తమ్మ కూడా తలెత్తి చూసింది. ఆమె నడిరోడ్డు మీదే కొడుక్కి ఫోన్ కలిపింది.

"బిడ్డా, నీకు బట్టలకు తక్కువ జేసిన్నారా నేను? పండుగ పండుగకు కుట్టియ్యలేదా? గిట్లెందుకు నిలబడ్డవ్ కొడుకా నలుగుట్ల?"

కాసేపటికి తెల్ల కారు దుకాణం ముందు కీచుమని ఆగింది.

"పాషా! ఎవన్నడిగి పెట్టినవ్ నా ఫోటో గట్ల?"

"నమూనా పంపిన గదన్నా. ఓకే అన్నవు."

"మొఖం జూసి అన్న! ఒళ్లెవడు జూసిండు?"

"ఊరంత జూసిందన్నా," అన్నాడు చాంద్‌పాషా వినయంగా. "సంబురపడు."

"ఏం సంబురం? ఇంట్ల తల్లి తిడుతున్నది, బయట చాయ్ హోటలోడు నవ్వుతున్నడు! ఒక మనిషి ఫోటో చౌరస్తల పెట్టేటప్పుడు, గా మనిషిని అడగాల్నా వద్దా? అడగకుంట ఎట్ల పెడుతరు? మనిషికి ఇజ్జత్ ఉండదా?"

చదువరులారా, ఆ మాట మళ్లీ చదవండి! నియమావళిలో మొదటిది. నిన్న కాగితం మీద ఉన్నప్పుడు ఆయన కంటికి ఆనని రూలు, ఇవాళ గుండె లోతుల్లోంచి తన్నుకొచ్చింది. ఏ శిక్షణ శిబిరం నేర్పగలదు ఇంత బాగా?

లోపలి నుంచి సుమయ్యా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"స్టిక్కర్ జేసిండ్రా అంకుల్?"

ప్రతాప్ అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"చేసిండ్రు బిడ్డా. మా బామ్మర్దే చేసిండు."

"ఏమని రాసిండ్రు?"

"నల్లా నీళ్లు రాక తానం లేటైందని." ఆయన కర్చీఫుతో ముఖం తుడుచుకున్నాడు. "పొద్దటి సంది ఎవల మొఖం జూసినా నవ్వుతున్నట్టే కొడుతున్నది."

"నాకు గూడ గట్లనే కొట్టింది. బడి గేటు కాడికెళ్లి ఇంటి దాకా."

"ఎప్పుడు?"

"పోయిన ఎండకాలం. మీకు మెసేజ్ పెట్టిన అంకుల్. కష్టముంటె ప్రెసిడెంట్‌కు చెప్పుమన్నది మేడం."

ప్రతాప్ ఫోన్ తీశాడు. వేలితో పైకి, ఇంకా పైకి తోసుకుంటూ పోయాడు. దొరికింది. "అంకుల్ నా ఫోటో తీసెయ్యండి ప్లీజ్. అందరు నవ్వుతున్నరు." దాని కింద ఆయన జవాబు. పైకెత్తిన బొటనవేలు.

ప్రతాప్ ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ఎన్ని దినాలు పడతది బిడ్డా మర్చిపోను?" అన్నాడు ప్రతాప్, నేల చూస్తూ.

"నేనింక మర్వలే అంకుల్."

ఆ మధ్యాహ్నమే కమిటీ అత్యవసరంగా కూడింది. అంతమందీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని వచ్చారు. "కమిటీ సభ్యుల ఫోటోలను వారి అనుమతి లేకుండా ఎవరూ, ఎక్కడా, ఏ రూపంలోనూ..." అని తీర్మానం ఉద్రేకంగా సాగుతుండగా భాగ్య మేడం లేచింది.

"సార్, పిల్లలది?"

కార్యదర్శి ఏదో అనబోయాడు. ప్రతాప్ చెయ్యెత్తి ఆపాడు. "ముందుగాల పిల్లలదే రాయి మేడం. రూల్స్ అన్ని రాయి. నేను గిప్పుడు మొత్తం సదువుత."

ఆయన చదవడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు నీళ్లు తాగాడు.

సుమయ్యా మేకు మీది సంచీ తనే తీసుకుంది.

ఆదివారం జనగామ కొలను గట్టు మీద విచిత్రమైన దృశ్యం కనిపించింది. మానుకోట తల్లిదండ్రుల మధ్య ప్రతాప్ కాపలావాడిలా తిరుగుతున్నాడు. "ఫోన్లు జేబుల పెట్టుండ్రి! నీళ్ల దిక్కు జూడుండ్రి, నీళ్ల దిక్కు!" చేతులు ఖాళీ అయిపోయిన పెద్దవాళ్లు వాటిని ఏం చేసుకోవాలో తెలియక కాసేపు తికమకపడ్డారు. తర్వాత వేరే పనేమీ లేక పిల్లలను చూశారు. వాళ్లెలా ఈదుతారో కొందరు అప్పుడే మొదటిసారి చూశారు. చాంద్‌పాషా కూడా.

సుమయ్యా మూడో స్థానంలో వచ్చింది. భూపాలపల్లి పిల్ల ఒకతి ఆమెను వేలెడంత తేడాతో దాటేసింది. దాటేసిన పిల్లతోనే తర్వాత చాలాసేపు ముచ్చట పెట్టింది.

అప్పుడు స్థానిక విలేకరి వచ్చి వార్తకు ఫోటో కావాలన్నాడు. ప్రతాప్ అలవాటు కొద్దీ దువ్వెన తీసి ఒక అడుగు ముందుకు వేసి, టక్కున ఆగాడు. వెనక్కి తిరిగి, తువ్వాలు కప్పుకుని తల్లి పక్కన కూర్చున్న సుమయ్యా దగ్గరికి నడిచాడు.

"బిడ్డా, పేపరాయన నీ ఫోటో అడుగుతున్నడు. ఇద్దమా?"

ఆ పిల్ల తువ్వాలు అంచు సర్దుకుంది. అడిగించుకోవడం ఆమెకు కొత్త. ఖైరున్నీసా కూతురి జుట్టు తుడుస్తూ ఉండిపోయింది.

"వద్దంకుల్. మీది ఇచ్చుకోండ్రి."

ప్రతాప్ తన చొక్కాను ఒకసారి తడుముకుని చూసుకున్నాడు.

"నాది గూడ వద్దు తియ్."

కాబట్టి ఫ్లెక్సీలను తిట్టేవాళ్లారా, నోరు కట్టేసుకోండి! ఒక పిల్ల మెసేజ్ పెట్టి చెప్పింది, వినలేదు. అన్నం మానేసి చెప్పింది, వినలేదు. నియమాలు కాగితం మీద వచ్చి చెప్పాయి, వినలేదు. ఇరవై అడుగుల ఫ్లెక్సీ చెబితేనే కదా ఒక పెద్దమనిషి ఒక చిన్నపిల్ల ముందు నిలబడి "ఇద్దమా?" అని అడిగాడు? పిల్లల భద్రతకు ఇంత ఖరీదైన గుడ్డ కావాల్సి వచ్చిందేమని నన్నడగకండి.

నేను మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను. ఇవాళ పొద్దున మీ పిల్ల ఫోటో స్టేటస్‌లో పెట్టారు కదా. ఆ పిల్ల ఏమంది?